చికిత్సాలయంలో ఉన్న బిడ్డకూ అమ్మానాన్నలు కావాలి



లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో రెండు పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. ఒకటి పిల్లల కోసం వెలసిన నిలోఫర్, రెండవది ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి. బిడ్డను అక్కడ చేర్పించారని తెలిస్తే చుట్టాలు పండ్లు పట్టుకొని వస్తారు. విచారణలో ఆ బిడ్డ పేర దివ్యబలిపూజ చేయిస్తారు. పక్కింటివారు అన్నం వండి పంపుతారు.

అదే లక్డీకాపూల్‌లో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే ఏడవ స్టేషన్ ఎర్రగడ్డ. అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నది. ఆ పేరును మనం తిట్టుగా, హాస్యంగా వాడుకుంటాం. అందుకే బిడ్డను మానసిక చికిత్సాలయంలోగాని, మత్తు మాన్పించే కేంద్రంలోగాని చేర్చిన తల్లి, “బాబు ఎక్కడమ్మా?” అని అడిగితే “హాస్టల్లో ఉన్నాడు” అంటుంది. పండ్లు తెచ్చేవారు ఉండరు, అన్నం పంపేవారు ఉండరు. ఆ కుటుంబం తన బరువును తానే మోసుకుంటుంది.

ఈ వారం పాఠం అటువంటి తల్లిదండ్రుల కోసం, వారి పక్కన నివసించే మన అందరి కోసం. దీని సారాంశం ఒక్కటే: బిడ్డ చికిత్సను వైద్యులకు అప్పగించవచ్చు, తల్లిదండ్రుల పనిని మాత్రం ఎవరికీ అప్పగించలేము.

1. చేర్చడం వేరు, వదిలేయడం వేరు

“కన్నబిడ్డను పరాయిచేతుల్లో పెట్టామే” అని ఎందరో తల్లులు కుమిలిపోతారు. మానసిక వ్యాధుల్లో దాదాపు సగం 18 ఏళ్ళలోపే మొదలవుతాయని వైద్యులు చెబుతున్నారు. వంశంలో వచ్చే గుణాలు, మెదడు పనితీరు, బాల్యంలో తగిలిన దెబ్బలు, చుట్టూ ఉన్న పరిస్థితులు, ఇలా ఎన్నో కలిస్తే వ్యాధి వస్తుంది. అది శాపం కాదు. బిడ్డ తనకు తాను హాని చేసుకునే స్థితిలో ఉన్నప్పుడు ఇంట్లో గడియపెట్టి దాచడం ప్రేమ అనిపించుకోదు. అలాగే చేర్చిన తరువాత సిగ్గుతో ముఖం చాటువేయడమూ ప్రేమ కాదు.

2. చట్టం ఏమి చెబుతున్నది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుండి అమలవుతున్నది. మత్తుపదార్థాల వలన కలిగే మానసిక స్థితులు కూడా దీని కిందికి వస్తాయి. బుద్ధిమాంద్యం రాదు. 18 ఏళ్ళు నిండని పిల్లల విషయం 87వ సెక్షన్‌లో ఉన్నది. ముఖ్యమైనవి గుర్తుంచుకోండి:

ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాకే చేర్చుకోవాలి. వారిలో ఒకరైనా సైకియాట్రిస్టు అయి ఉండాలి. బిడ్డ ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పిల్లలను పెద్దల వార్డులో కాక వేరుగా ఉంచాలి.

తల్లి లేదా తండ్రి, లేకపోతే వారు నియమించిన మనిషి, బిడ్డ అక్కడ ఉన్నన్నాళ్ళూ తోడు ఉండాలి. ఆడపిల్లకు తోడుండేది స్త్రీయే కావాలి.

మీ సమ్మతితోనే వైద్యం జరగాలి. చేర్చిన 72 గంటల్లోగా ఆ సంగతి మానసిక ఆరోగ్య బోర్డుకు తెలియజేయాలి. 30 రోజులు దాటితే బోర్డు పరిశీలించాలి.

చూశారా, బిడ్డ పక్కన మీ స్థానాన్ని చట్టమే ఖాయం చేసింది! “మూడు నెలలు ముఖం చూడడానికి రావద్దు” అని చెప్పే చోట బిడ్డను చేర్చకండి. రిజిస్ట్రేషన్ పత్రం చూపమని అడగండి. గొలుసులతో కట్టడాన్ని ఈ చట్టం నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో బంధించి ఉన్న రోగులు పారిపోలేక 28 మంది మరణించారు. ఆ సంఘటనను మనం మరువరాదు.

3. మీకు తెలిసినది వైద్యునికి తెలియదు

మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడిన కుమారుణ్ణి ప్రభువు వద్దకు తెచ్చిన తండ్రి ఉన్నాడు. ఎంతకాలంగా ఇలా ఉన్నాడని ప్రభువు అడుగుతాడు. ఆ తండ్రి ఏదీ దాచకుండా చిన్ననాటి నుండి జరిగినదంతా చెబుతాడు. వైద్యుడు కూడా మొదట ఇదే ప్రశ్న వేస్తాడు.

కాబట్టి ఒక నోటుబుక్కు పెట్టుకోండి. నిద్ర ఎప్పుడు చెడింది, తిండి ఎప్పుడు తగ్గింది, చదువు ఎప్పుడు వెనకబడింది, ఇదివరకు ఏ మందులు వాడారు, కుటుంబంలో ఇంకెవరికైనా ఇటువంటి జబ్బు ఉన్నదా, కోపం వచ్చినప్పుడు ఏమి చేస్తే శాంతిస్తాడు, ఇవన్నీ వ్రాయండి. మత్తు అలవాటును, ఆత్మహత్యా ప్రయత్నాన్ని, ఎవరైనా బిడ్డను చెరపట్టిన సంగతిని పరువు కోసం దాచకండి. ప్రార్థన కూటానికి వెళ్ళివచ్చాము గదా అని మందులు మీ అంతట మీరు ఆపకండి. ప్రార్థన చేసే చేతులతోనే మాత్రలు కూడా అందించండి.

4. బిడ్డతో ఎలా మాట్లాడాలి?

సినిమాకని చెప్పి తీసుకువెళ్ళి ఆసుపత్రిలో దింపకండి. ఆ అబద్ధం వ్యాధికంటే ఎక్కువకాలం బిడ్డ మనసులో ఉండిపోతుంది. “నీ మనసుకు బాగాలేదు, వైద్యం చేయిద్దాం, నేను తోడు ఉంటాను” అని సూటిగా చెప్పండి.

“ఇంటికి తీసుకుపో” అని ఏడ్చినప్పుడు “రేపే పోదాం” అని మాట ఇవ్వకండి. “నువ్విలాగే ఉంటే ఇక్కడే వదిలేస్తాం” అని బెదిరించకండి. “నీకు ఇల్లు మీద బెంగగా ఉన్నది, నాకు తెలుసు. డాక్టరు గారితో మాట్లాడి నిజం చెబుతాను” అనండి. మీరిద్దరూ వంతులవారీగా తోడుంటున్నట్లయితే, ఆదివారం వస్తానన్నవారు ఆదివారమే రండి.

5. ఇంట్లో ఉన్న పిల్లలను మరువకండి

అన్న చికిత్సాలయంలో ఉంటే చెల్లెలు ఇంట్లో సగం అనాథ. “నావల్లే ఇలా అయిందా? నాకూ వస్తుందా?” అని లోలోపల భయపడుతుంది. దాని వయసుకు తగినట్లు నిజం చెప్పండి. అబద్ధం నేర్పి బడికి పంపకండి. అన్నకు ఉత్తరం వ్రాయించండి, బొమ్మ వేయించండి.

6. తిరిగి వచ్చే రోజు

ఇంటికి వచ్చిన బిడ్డను చుట్టాలందరి ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు వేయవద్దు. మందుల వేళలు, మళ్ళీ చూపించవలసిన తేదీ, పాత జబ్బు తిరిగి వస్తున్నదని తెలిపే గుర్తులు, ఈ మూడూ వ్రాసి తెచ్చుకోండి. మళ్ళీ చేర్చవలసి వస్తే అది ఓటమి కాదు. మధుమేహం ఉన్నవారు మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి పోవడం లేదా? సందేహం వచ్చిన వేళ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం.

విచారణ కుటుంబాలకు ఒక మాట

రోజుకూలికి పోయే తండ్రి నెలరోజులు ఆసుపత్రిలో తోడుండమంటే ఎలా ఉంటాడు? ఆడపిల్లకు తోడుండవలసిన తల్లి ఇంట్లో చంటిబిడ్డను ఎవరికి అప్పగిస్తుంది? చట్టం హక్కు ఇచ్చింది, కాని ఇంట్లో వంట చేయదు. ఆ పని మనది. కేన్సర్ బిడ్డ ఇంటికి పంపే అన్నం గిన్నెను ఈ ఇంటికి కూడా పంపండి. ఏ జబ్బని ఆరా తీయకండి. “ఎలా ఉన్నాడు వదినా?” అని ఒక్కసారి అడిగితే, “హాస్టల్లో ఉన్నాడు” అనే అబద్ధం అవసరం ఆమెకు తీరిపోతుంది.

ఇంట్లో మాట్లాడుకోవడానికి:

1. మన మాటల్లో మనోవ్యాధిని తిట్టుగా వాడుతున్నామా? పిల్లలు మన నుండి అది నేర్చుకుంటున్నారా?

2. మన ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేకపోతే ఆ సంగతి మొదట ఎవరికి చెప్పగలం?

3. మన వీధిలో ఏ కుటుంబానికి ఈ వారం ఒక పూట అన్నం పంపగలం?