గోలీల గురించి చెల్లెకు

జనగామ

చెల్లె,

నువ్వు పంపిన చీటీ ఫొటో షాపులో పెద్దగ చేసి చూసిన. కోక్యూ10 విడిగా రాసిండ్రు, కింద రాసిన యాంటీఆక్సిడెంట్ గోలీలోనూ మళ్లీ అదే ఉన్నది. డబ్బా వెనక సన్నక్షరాలు చదివితే నీకే తెలుస్తది. రెండూ ఎందుకని డాక్టరమ్మను అడుగు, ఏమనుకోదు.

ఏఎంహెచ్ తక్కువొచ్చిందని మానుకోటల అత్తమ్మ ముందు ఏడ్చినవట. ఆ పరీక్ష అండాలు ఎన్ని మిగిలినయో అంచనా చెప్తది, ఎట్లున్నయో చెప్పదు. 2017లో జామా పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 30 నుంచి 44 ఏండ్ల ఆడవాళ్లలో ఏఎంహెచ్ తక్కువున్నోళ్లకు కూడ గర్భం మిగతావాళ్ల లెక్కనే నిలిచింది. అయితే వాళ్లు అప్పుడప్పుడే ప్రయత్నం మొదలుపెట్టినోళ్లు. మీరు రెండేండ్లుగా చూస్తున్నరు, అందుకే దాన్ని పట్టుకొని నిమ్మలంగ కూసోమనను. ఇంకోటి, జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటున్నవు కదా, అది కొన్ని మిషన్లల్ల ఏఎంహెచ్, థైరాయిడ్ లెక్కలను తారుమారు చేస్తది. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పినవా?

ఇక కోక్యూ10. చైనాల 35 లోపు, అండాలు తక్కువున్న ఆడవాళ్లకు ఐవీఎఫ్‌కు ముందు రోజుకు 600 మిల్లీగ్రాముల చొప్పున 60 రోజులిచ్చిండ్రు. 2018లో ఆ ఫలితాలొచ్చినయి. అండాలు ఎక్కువ దొరికినయి, పిండాలు బాగున్నయి. పిల్లలు పుట్టిన కాడికొచ్చేసరికి గట్టి తేడా తేలలేదు. డాక్టరమ్మ వేసుకోమంటే వేసుకో, కాని దాని మీదనే ఆశ పెట్టుకోకు. డీహెచ్ఈఏ మాత్రం విటమిన్ కాదు, హార్మోన్. పక్కింటామె వేసుకుంటుందని నువ్వు కొనకు. ఫోలిక్ యాసిడ్ ఆపకు, అది అన్నిట్లకెల్ల అగ్గువ.

నాకు కోపమొచ్చేది వేరే. ఇన్ని గోలీలు నీకు రాసిండ్రు, మరిదికి వీర్య పరీక్ష ఎవ్వరూ రాయలేదు! బొగ్గుబాయిల షిఫ్టు ఉన్నదని ఆయన తప్పించుకుంటుండా? భూపాలపల్లి నుంచి హన్మకొండ ఎంత దూరం? ముందు ఆ రిపోర్టు రావాలె. మూడు నెలలు గోలీలు, మళ్లీ మూడు నెలలు గోలీలని వాయిదా వేస్తే నీకు వయసు ఆగదు.

పెద్ద ప్రైవేటు సెంటర్‌కు పోయే ముందు ఐవీఎఫ్ సెంటర్ల కోసం తెచ్చిన 2021 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్నదా అని అడుగు. సికింద్రాబాద్ గాంధీ దవాఖానల 2023 అక్టోబరులో సర్కారు ఐవీఎఫ్ సెంటర్ తెరిచిండ్రు, ముందు అక్కడ చూపిద్దాం. వచ్చే సోమవారం కాజీపేటల బండెక్కు, నేను జనగామల ఎక్కుత. పాత స్కానింగులన్నీ తీసుకురా, మరిదిని కూడ.

మీ అక్క