ఛాతీ ఎక్స్‌రే – పఠన విధానం

శరీరాన్ని కోయకుండా గుండెను, ఊపిరితిత్తులను కంటితో చూసే సాధనం ఒకప్పుడు వైద్యులకు లేదు. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో రాంట్‌జెన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక అజ్ఞాత కిరణాన్ని కనుగొని, దానికి ‘ఎక్స్’ అని పేరు పెట్టాడు. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి ఆయనకే లభించింది. అయినా పేటెంటు కోరక, తన ఆవిష్కరణను లోకానికి విడిచిపెట్టిన ఉదారుడాయన.

ఎక్స్‌రే చిత్రం నీడల సముదాయం. కిరణాలు సోకినచోట నల్లబడుతుంది. అవి ఆగినచోట తెల్లగా మిగులుతుంది. అందువల్ల గాలి నిండిన ఊపిరితిత్తులు నల్లగాను, ఎముకలు, గుండె తెల్లగాను కనిపిస్తాయి.

చిత్రాన్ని చేతికి తీసుకోగానే రోగి పేరును, తేదీని సరిచూడాలి. రోగి మనకు ఎదురుగా నిలిచినట్లు భావించాలి. అతని ఎడమ భాగం మన కుడివైపున ఉంటుంది. పెద్దలలో గుండె వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగానికి మించకూడదు. అయితే ఈ కొలత వీపు వైపునుండి కిరణాలను పంపి, నిండుగా ఊపిరి పీల్చినప్పుడు తీసిన చిత్రానికే వర్తిస్తుంది. మంచం పట్టిన రోగికి ముందువైపునుండి తీస్తే ఆరోగ్యకరమైన గుండె సైతం పెద్దదిగా తోస్తుంది. ఈ భేదం తెలియనివాడు లేని జబ్బును అంటగట్టగలడు!

పిమ్మట రెండు ఊపిరితిత్తులను పోల్చి చూడాలి. అడుగున కోణాలు వాడిగా ఉండాలి. నీరు చేరితే అవి మొద్దుబారుతాయి. న్యుమోనియాలో తెల్లని మచ్చ ఏర్పడవచ్చు. పెద్దలలో క్షయ తరచుగా పైభాగాన కనిపిస్తుంది. కాని ఒకే విధమైన మచ్చకు కారణాలు అనేకం. కనుక కఫపరీక్ష వంటివి జరిపి క్షయను నిర్ధారించాలి.

క్షయ నయమయ్యే వ్యాధి. ఆలస్యమైతే రోగికే కాక, ఇంటిల్లిపాదికీ ముప్పు. పదిహేనేళ్లు, ఆ పైబడినవారిలో క్షయను అనుమానించడానికి కంప్యూటరు పఠనాన్ని సైతం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. అయినప్పటికీ యంత్రం చూసేది నీడనే. ఆ నీడను రోగి దగ్గుతో, జ్వరంతో, అతడు చెప్పుకొన్న బాధతో సమన్వయించవలసినవాడు వైద్యుడే. తొందరపడక, దేనినీ విడిచిపెట్టక చూడటమే సరియైన పఠనం.

అర్థాలు
అజ్ఞాత = తెలియని
సముదాయం = సమూహం
పిమ్మట = తరువాత

ప్రశ్నలు
1. గుండె పరిమాణాన్ని నిర్ణయించడంలో ఎటువంటి జాగ్రత్త అవసరం?
2. మచ్చను చూసినంతనే వ్యాధిని నిర్ధారించరాదు. ఎందువల్ల?