అభిమాన దర్శకుల జాబితా గురించి మేనల్లుడికి



సినిమా ప్రియులు నలుగురు ఒకచోట చేరినప్పుడు సంభాషణ సాధారణంగా పేర్లతో మొదలై పేర్లతోనే ముగుస్తుంది. ఒకరు తార్కోవ్‌స్కీ అంటారు, మరొకరు బ్రెస్సాన్ అంటారు, మూడోవారు ఇద్దరినీ దాటిపోవాలన్న పంతంతో ఎవరూ వినని పేరు ఒకటి బయటకు తీస్తారు. ఇటువంటి మిత్రబృందంలో కొత్తగా చేరిన మేనల్లుడు తన అభిమాన దర్శకుల జాబితాలో ఎవరెవరు ఉండాలని అడిగినందువల్ల ఈ లేఖ అవసరమైందే గాని, జాబితా తయారు చేసి ఇవ్వడం దీని ఉద్దేశం కాదు. ఏ దర్శకుడి పేరు చెప్పినా ఆ పేరు వెనుక ఒక చిత్రాన్ని, ఆ చిత్రంలో ఒక నిర్దిష్టమైన నిర్ణయాన్ని, అంటే కెమెరాను ఎక్కడ పెట్టారో, ఎంతసేపు ఉంచారో, ఏ శబ్దం వినిపించారో, దేన్ని చూపకుండా వదిలేశారో చెప్పగలిగినప్పుడే ఆ పేరు చర్చకు పనికివస్తుంది. అంతవరకు అది అభిమాన నటుడి కటౌట్‌కు దండ వేయడం వంటిదే, కాకపోతే కటౌట్ మీద ఉన్నది రష్యన్ దర్శకుడి ముఖం.

దర్శకుణ్ణి చిత్రానికి ఏకైక కర్తగా చూసే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో ముందుగా తెలుసుకోవడం మంచిది. 1954లో ఫ్రాన్స్‌లో 'కాయే ద్యూ సినెమా' అనే పత్రికలో యువ విమర్శకుడు ఫ్రాంస్వా త్రూఫో, ప్రసిద్ధ నవలలను మర్యాదగా తెరకెక్కించే ఆనాటి ఫ్రెంచి చిత్రాలమీద ధ్వజమెత్తుతూ రాసిన వ్యాసంతో ఈ వాదం ఊపందుకుంది. 'ఆటర్' సిద్ధాంతమని పేరు పొందిన ఈ వాదం ప్రకారం, ఒక దర్శకుడి చిత్రాలన్నిటినీ వరసగా చూస్తే వాటిలో ఒకే వ్యక్తి చూపు, ఒకే చేతిరాత కనిపించాలి. ఆర్ట్ సినిమా అభిమానులు తరచు మరచిపోయే సంగతి ఏమిటంటే, త్రూఫో బృందం ఇలా నెత్తిన పెట్టుకున్న దర్శకులలో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్, హవర్డ్ హాక్స్ వంటి హాలీవుడ్ వాణిజ్య దర్శకులు ముఖ్యులు. కనుక ఆటర్ అనే మాటను పట్టుకుని మార్కెట్ సినిమాను వెక్కిరించేవారు ఆ మాట పుట్టుకను చూడకుండా మాట్లాడుతున్నారని గ్రహించాలి.

జాబితాల విషయానికొస్తే, వాటిలో అత్యంత గౌరవం పొందినది బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' 1952 నుంచి పదేళ్లకొకసారి విమర్శకుల ఓట్లతో తయారు చేసే జాబితా. మొదటిసారి డి సికా 'బైసికిల్ థీవ్స్' అగ్రస్థానంలో నిలిచింది. 1962 నుంచి 2002 వరకు అయిదుసార్లు ఆర్సన్ వెల్స్ 'సిటిజన్ కేన్' ఆ స్థానాన్ని వదలలేదు. 2012లో హిచ్‌కాక్ 'వెర్టిగో' దాన్ని దించింది. 2022లో 1,600 మందికి పైగా పాల్గొన్న ఓటింగులో బెల్జియం దర్శకురాలు షాంటాల్ అకెర్‌మన్ 1975లో తీసిన 'జాన్ దీల్‌మన్' మొదటికి వచ్చింది. ఈ కాలమంతటిలో ఆ చిత్రాలలో ఒక్క ఫ్రేమ్ కూడా మారలేదు. ఓటు వేసేవారు మారారు, వారు సినిమా నుంచి ఆశించేది మారింది. జాబితా ఆ కాలపు ప్రేక్షకుల గురించి ఎంత చెబుతుందో చిత్రాల గురించి అంత చెప్పదు కాబట్టి, దాన్ని చూడవలసిన చిత్రాల పట్టికగా వాడుకోవచ్చు, వాదనలో సాక్ష్యంగా మాత్రం వాడకూడదు.

'జాన్ దీల్‌మన్' దగ్గర కొంచెం ఆగడం అవసరం, ఎందుకంటే ఆర్ట్ సినిమా మీద వచ్చే మొదటి ఫిర్యాదు, అంటే విసుగు, ఈ చిత్రంలోనే సూటిగా పరీక్షకు నిలుస్తుంది. 201 నిమిషాల ఈ చిత్రం బ్రస్సెల్స్‌లో కొడుకుతో కలిసి ఉండే ఒక వితంతువు జీవితంలో మూడు రోజులను చూపుతుంది. ఆమె వంట చేస్తుంది, పక్కలు సర్దుతుంది, బజారుకు వెళ్లివస్తుంది, కొడుకు ఇంటికి చేరేలోగా మధ్యాహ్నం వేళ వచ్చే పురుషుల దగ్గర డబ్బు తీసుకుని, దాన్ని భోజనాల బల్లమీది సూప్ గిన్నెలో వేసి మూత పెడుతుంది. కెమెరా కదలదు, దగ్గరకు వెళ్లదు, నేపథ్య సంగీతం లేదు. మొదటి రోజు ఇదంతా ఏ పొరపాటూ లేకుండా గడిచిపోతుంది, ప్రేక్షకుడికి సహనం నశిస్తుంది. రెండో రోజు బంగాళాదుంపలు పొయ్యిమీద మెత్తగా ఉడికిపోతాయి, సూప్ గిన్నెకు మూత పెట్టడం మరచిపోతుంది. మరే చిత్రంలోనైనా దృష్టికి రాని ఈ చిన్న లోపాలు ఇక్కడ ప్రమాద సూచనల్లా తోస్తాయి, కారణం అప్పటికే గంటకు పైగా ఆ ఇంటి క్రమాన్ని ప్రేక్షకుడు ఆమెతోపాటు కంఠస్థం చేసి ఉండడమే. మొదటి రోజును కత్తిరించి కుదిస్తే రెండో రోజుకు అర్థం పోతుంది. నిడివి ఎందుకు అవసరమైందో ఇలా వివరించగలిగినవారికే ఆ చిత్రాన్ని మెచ్చుకునే హక్కు, ఇష్టమైతే తిట్టే హక్కు కూడా ఉంటుంది. నెమ్మదిగా సాగే ప్రతి చిత్రానికీ ఇటువంటి సమర్థన దొరకదు. చిత్రోత్సవాలకు వెళ్లే చిత్రాలలో కేవలం నెమ్మదిగా ఉండడం వల్ల గంభీరంగా కనిపించేవి తక్కువేమీ కాదు, వాటిని ఆ మాట అనడానికి జంకవలసిన పని లేదు.

జపాన్ దర్శకుడు యసుజిరొ ఓజు విషయంలో తెలుగు ప్రేక్షకుడికి ఒక సౌలభ్యం ఉంది. 1953 నాటి 'టోక్యో స్టోరీ'లో ఒనోమిచి అనే ఊరి నుంచి వృద్ధ దంపతులు టోక్యోలోని పిల్లలను చూడటానికి వస్తారు, తీరిక లేని పిల్లలు వారిని ఒక సముద్రతీర విహారస్థలానికి పంపించి భారం దించుకుంటారు. ఓజుతో కలిసి కథ రాసిన కోగో నోడాకు ప్రేరణ లియో మెకేరీ 1937లో తీసిన 'మేక్ వే ఫర్ టుమారో' అనే హాలీవుడ్ చిత్రం. ఆ అమెరికన్ చిత్రంలో ముసలి తల్లిదండ్రులను పిల్లలు చెరొకచోట పెట్టి విడదీస్తారు. ఎన్.టి. రామారావు, అంజలీదేవి నటించిన 1972 నాటి 'బడిపంతులు'లోనూ దంపతులకు అదే గతి పడుతుంది, కనుక కథను మాత్రమే చూస్తే మెకేరీకి ఓజు కంటె 'బడిపంతులు' దగ్గర బంధువు. తేడా అంతా చెప్పే తీరులో ఉంది. తెలుగు చిత్రం పిల్లల కృతఘ్నతను బాహాటంగా నిలదీసి, ప్రేక్షకుడి కన్నీటిని కోరి రప్పిస్తుంది. ఓజు చాపమీద కూర్చున్న మనిషి చూపు కంటె కూడా కిందగా కెమెరాను పెట్టి, మాట్లాడే ప్రతివారినీ దాదాపు ఎదురుగా చూపుతూ, ఎవరినీ దోషిగా నిలబెట్టకుండా కథ నడుపుతాడు. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య పొగగొట్టాలు, ఆరవేసిన బట్టలు, రైలు పట్టాలు వంటి మనుషులు లేని దృశ్యాలు వస్తాయి. వీటిని విమర్శకులు 'పిల్లో షాట్లు' అంటారు. కథకు ప్రత్యక్షంగా పనికిరాని ఈ దృశ్యాలలో ప్రేక్షకుడికి అప్పటిదాకా చూసినదాన్ని తలచుకునే వ్యవధి దొరుకుతుంది. రెండు చిత్రాలలో ఏది గొప్పదన్న ప్రశ్న కంటె, ఒకే దుఃఖాన్ని ఒకరు ఎందుకు పొంగించారు, మరొకరు ఎందుకు అణచారు అన్న ప్రశ్న చర్చను ఎక్కువ దూరం తీసుకుపోతుంది.

అణచి చెప్పడమే కళ, పొంగించి చెప్పడం వ్యాపారం అనే తొందరపాటు నిర్ధారణకు బెంగాలీ దర్శకుడు రిత్విక్ ఘటక్ అడ్డుపడతాడు. 'మేఘే ఢాకా తారా' (1960) తూర్పు బెంగాల్ నుంచి వచ్చి కలకత్తా శివార్లలో తలదాచుకున్న ఒక శరణార్థి కుటుంబం కథ; ఇంటిల్లిపాదినీ పోషించే నీతను ఆ ఇల్లే కొంచెం కొంచెంగా అరగదీస్తుంది. ఆమెకు తగిలిన దెబ్బను తెలియజేయడానికి ఘటక్ శబ్దపథంలో కొరడా చెళ్లుమన్న చప్పుడు వినిపిస్తాడు, తెరమీద మాత్రం కొరడా ఎక్కడా ఉండదు. ఇది అచ్చమైన మెలోడ్రామా, అంటే ఉద్వేగాన్ని సంగీతంతో, ధ్వనితో, యాదృచ్ఛికతలతో పతాకస్థాయికి చేర్చే నాటక పద్ధతి. దేశవిభజన వంటి గాయాన్ని గొంతు తగ్గించి చెప్పడం ఘటక్‌కు అబద్ధంగా తోచి ఉండాలి. విచిత్రమేమిటంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన దగ్గర చదువుకున్న మణి కౌల్ 'ఉస్కీ రోటీ' (1969)లో నటుల ముఖాలనుంచి, గొంతులనుంచి ఉద్వేగాన్ని పూర్తిగా తుడిచివేసి ఫ్రెంచి దర్శకుడు బ్రెస్సాన్ వైపు నడిచాడు. అభిమాన దర్శకులను పరస్పరం శత్రుశిబిరాలుగా నిలబెట్టేవారు ఈ గురుశిష్యులను ఎక్కడ ఉంచుతారో చూడవలసిందే.

ఆటర్ సిద్ధాంతం మరుగుపరచే మరొక సంగతి సహకారుల శ్రమ. నోడా లేని ఓజు యుద్ధానంతర చిత్రాలను ఊహించలేము, వాటిలో చాలావాటి ఛాయాగ్రాహకుడు యుహరు అత్సుతా లేని ఆ కిందిచూపునూ ఊహించలేము. ఇంటి దగ్గరి ఉదాహరణ కావాలంటే బి. నర్సింగరావు 'దాసి' (1988) చాలు. తెలంగాణ దొర గడీలో బందీగా బతికిన స్త్రీ కథ చెప్పే ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రం అవార్డుతోపాటు నటి అర్చనకు, ఛాయాగ్రాహకుడు ఎ.కె. బీర్‌కు, కళాదర్శకుడిగా పనిచేసిన చిత్రకారుడు తోట వైకుంఠానికి, దుస్తుల రూపకల్పనకు కూడా జాతీయ పురస్కారాలు వచ్చాయి. గడీ గోడలూ, నేలా, చీరల రంగులూ ఆ చిత్రంలో సగం మాట్లాడుతుంటే, చర్చలో ఒక్క దర్శకుడి పేరే చెప్పి ఊరుకోవడం అన్యాయం. అలాగే కన్నడ నవ్యసినిమాకు దారి తెరిచిన 'సంస్కార' (1970) దర్శకుడు 'ఫిడేలు రాగాల డజన్' రాసిన తెలుగు కవి పఠాభి, అంటే నెల్లూరువాడైన పట్టాభిరామిరెడ్డి. దానికి కెమెరా పట్టినవాడు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కోవన్. ఏ ఒక్క భాషకూ, ఏ ఒక్క వ్యక్తికీ పూర్తిగా చెందని ఇటువంటి చిత్రాలు తెలుగు బృందాల జాబితాలలో తరచు కనిపించవు, అది సిగ్గుపడవలసిన విషయం.

చూసే పద్ధతి గురించి కొన్ని మాటలు. ఈ చిత్రాలలో చాలావాటిని తెలుగువారు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ సాయంతో చూడవలసి వస్తుంది. అప్పుడు కన్ను తెర అడుగున అక్షరాల మీదే తిరుగుతుంది గనుక, నచ్చిన సన్నివేశాలనైనా సబ్‌టైటిల్స్ తీసివేసి రెండోసారి చూడాలి. ఓజు చిత్రాలు దాదాపు చతురస్రాకారపు పాత తెర కొలతలో తీసినవి, వాటిని టీవీలో పక్కలకు సాగదీసి చూస్తే ఆ కూర్పు మొత్తం చెడిపోతుంది, ఫోనులో చూస్తే మిగిలేది కథ ఒక్కటే. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మిత్రులతో కలిసి 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించిన కాలంలో ఒక్క ప్రింటు కోసం నెలల తరబడి ఉత్తరాలు నడపవలసి వచ్చేది, వచ్చిన చిత్రాన్ని అందరూ ఒకే గదిలో కూర్చుని చూసేవారు. ఇప్పుడు దొరకడం తేలికైంది, కలిసి చూడటం కష్టమైంది. ఎవరి ఇంట్లో వారు చూసి వచ్చి మాట్లాడుకునే బృందంలో సగం తగాదాలు జ్ఞాపకాల తేడాలవల్లే పుడతాయి, సన్నివేశాన్ని మళ్లీ వేసి చూస్తే వాటిలో చాలావరకు తీరిపోతాయి.

బృందం తరువాతి సమావేశానికి మేనల్లుడు జాబితా తీసుకుపోనవసరం లేదు. 'బడిపంతులు', 'టోక్యో స్టోరీ' వారం తేడాతో వేయమని, ప్రతివారూ ఒక్కొక్క సన్నివేశం ఎంచుకుని రమ్మని అడగవచ్చు. 'బడిపంతులు' ముందు వేయడం మేలు. ఓజు మౌనానికి అలవాటు పడిన వెంటనే దాన్ని చూస్తే కుర్రవాళ్లు నవ్వుతారు, ఆ నవ్వులో రామారావు, అంజలీదేవి చేసిన పని కొట్టుకుపోతుంది.

ఇట్లు,
మేనమామ