ముందు గుర్రం దిగే చోటు చూడు

గవర్నర్‌పేట,
విజయవాడ.



మార్చిలో పిల్లల బడికి సెలవులివ్వగానే నాలుగు రోజులు క్యాంపుకు వెళతామని రాశావు. మీ ఆయన ఆర్వీ, అదే ఆ ఇల్లులాంటి బండి, నడుపుతాడట, నువ్వు పికప్‌కు ట్రైలరు తగిలించి గుర్రాన్ని తీసుకొస్తావట. డాలస్ నుంచి వెళ్లదగ్గ చోట్లు ఎన్నో కనిపిస్తున్నాయి, ఏది మంచిదో ఎలా పోల్చుకోవాలి తాతయ్యా అని అడిగావు. అమ్మలూ, ఇలాంటి ప్రయాణాలు నేను చిన్నప్పుడు ఏటా చేశాను. కాకపోతే మాది గూడుబండి, మావి ఎడ్లు.

మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్లకు కంకిపాడు దగ్గర మా ఊరి నుంచి బండ్లు కట్టుకుని వెళ్లేవాళ్లం. బెజవాడ, ఇబ్రహీంపట్నం, కంచికచర్ల, నందిగామ మీదుగా దారి. రెండు రాత్రులు దారిలో, మరో రెండు అక్కడ మునేరు ఒడ్డున. ఒక్కో బండిలో ఆడవాళ్లు, పిల్లలు, బియ్యం, వంటచెరకు, పైన వరిగడ్డి మోపులు. పొద్దు బారెడు ఉండగానే మా నాన్న బండి ఆపేవాడు. ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. తానొక్కడే దిగి నేలంతా తిరిగి, మడమతో నొక్కి చూసేవాడు. నల్లరేగడిలో పైన ఎండి లోపల పదును ఉంటుంది, తెల్లారేసరికి చక్రం కూరుకుపోతుంది. తరువాత ఒడ్డున తుమ్మకొమ్మలకు పట్టుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో చూసేవాడు. మాఘంలో వరదేమిట్రా అని మా అత్తయ్య విసుక్కునేది. ఏరు ఎంతవరకు ఎక్కగలదో ఏరే రాసిపెట్టింది, చదవడానికి మనకేం కష్టం అనేవాడు.

ఆ మాట నీకు మరీ ముఖ్యం. 2025 జులై 4 తెల్లవారుజామున మీ టెక్సస్‌లోనే గ్వాడలూప్ నది గంట తిరక్కుండా ఇరవై అడుగులకు పైగా పెరిగి, ఒడ్డున ఉన్న పిల్లల క్యాంపుల మీదా ఆర్వీ పార్కుల మీదా పడింది. వందమందికి పైగా పోయారు. ఇక్కడ 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మేడల మీద నిలబడ్డ మనుషుల్ని చూశాను, గుంజలకు కట్టిన గొడ్ల గతీ విన్నాను. నీళ్లు దగ్గరగా ఉండాలి, పడక మాత్రం ఎత్తున ఉండాలి. ఏటి ఒడ్డున బాగుంటుంది, పిల్లలు ఆడుకుంటారు అని ఎవరైనా చెబితే పగలు వెళ్లి ఆడుకుని రండి. రాత్రికి అక్కడ గుర్రాన్ని కట్టవద్దు. నీటి చప్పుడు విని మీరు పరుగెత్తగలరు, తాడుతో కట్టిన జీవం పరుగెత్తలేదు.

చోటు చూసేటప్పుడు ముందు గుర్రం కళ్లతో చూడమనడం అందుకే. నీ పిల్లలకు ఎండగా ఉంటే ఆర్వీలోకి వస్తారు, దాహమైతే అడుగుతారు. గుర్రం ఎక్కడ కడితే అక్కడే రాత్రంతా నిలబడాలి.

ఫోనులో మొదట అడగవలసింది, గుర్రం రాత్రి ఉండవచ్చా లేక పగటి స్వారీకే అనుమతా అన్నది. గుర్రాలకు దారులున్న పార్కులన్నిటిలోనూ రాత్రి మకాం ఉంటుందని లేదు. రాత్రికి దొడ్డి ఇస్తారా, చెట్ల మధ్య ఎత్తుగా తాడు లాగి కట్టుకోమంటారా అడుగు. చాలాచోట్ల గుర్రాన్ని నేరుగా చెట్టుకు కట్టనివ్వరు, బెరడు కొరికేస్తుంది, గిట్టలతో వేళ్లు తవ్వేస్తుంది. నీ గుర్రానికి ఎత్తు తాడు అలవాటు లేకపోతే దొడ్డి ఉన్న చోటే ఎంచుకో. గుర్రాల క్యాంపుల్లో చాలావాటికి కరెంటు ఉండదు. చిన్నవాడికి రాత్రి ఏసీ లేకుండా కుదరదనుకుంటే ఆ సంగతి ముందే తేల్చుకో. పికప్పు, ట్రైలరు కలిపి ఎంత పొడవో చెప్పి, వెనక్కి తిప్పే పని లేకుండా ఇటు వెళ్లి అటు బయటికి వచ్చే చోటు అడుగు.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఎదిగిన గుర్రం రోజుకు 25 నుంచి 45 లీటర్ల దాకా తాగుతుంది, ఎండలో ఇంకా ఎక్కువ. ఒకప్పుడు ఇక్కడ స్టేషను దగ్గర జట్కాలు ఆగేవి. మా వీధికి వచ్చే జట్కావాలా కొత్త చోట నీళ్లు ముట్టని గుర్రానికి కాస్త బెల్లం కలిపి పెట్టేవాడు. వారం ముందు నుంచే ఇంట్లో కలిపి అలవాటు చెయ్యి, అక్కడి నీళ్ల రుచి తేడా దానికి తెలియదు. బకెట్టు నీదే తీసుకెళ్లు. అందరి గుర్రాలూ మూతిపెట్టే తొట్టిలో తాగనిస్తే జబ్బులు అంటుకుంటాయి. గడ్డి కూడా ఇంటి నుంచే. ఉన్నట్టుండి మేత మారితే కడుపులో శూల వస్తుంది, గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు, అందుకే అది ప్రాణం మీదికి వస్తుంది.

ఒక ఏడాది మేం దారిలో చీకటి పడ్డాక ఒక సత్రం పక్కన దిగాం. పొద్దుపోయిందని ఆ రాత్రి నాన్న నేల చూడలేదు. ఎడ్లను గోడ వెంట కట్టాం. పొద్దున లేచేసరికి వలపటెద్దు పడిపోయి ఉంది. గోడ పొడవునా గన్నేరు చెట్లు. మధ్యాహ్నానికి పోయింది. అమ్మ ఆ సాయంత్రం దాకా ఏమీ తినలేదు. గన్నేరు పచ్చిదైనా ఎండినదైనా ఎద్దుకూ గుర్రానికీ విషమే. మీ టెక్సస్‌లోనూ అందం కోసం విరివిగా పెంచుతారు, గాల్వెస్టన్‌ను గన్నేరు నగరమనే పిలుస్తారు. దిగగానే పిల్లలు చెరో వైపు పరుగెత్తకముందే, దొడ్డి చుట్టూ ఏ మొక్కలున్నాయో నువ్వే తిరిగి చూడు. అది వెలుగుండగా చేసే పని. చీకటి పడకుండా చేరేలా బయలుదేరు.

ఆర్వీ తలుపు దొడ్డికి ఎదురుగా పెట్టుకోకండి. గాలి ఎటు వీస్తుందో చూసి గుర్రం గాలి పోయే వైపు ఉండేలా నిలపండి, ఈగలూ దుమ్మూ తగ్గుతాయి. రోజుకు ఇరవై కిలోల పైన లద్దె వేస్తుంది, దాన్ని ఎక్కడ వేయమంటారో అడిగి అక్కడే వెయ్యి. గుర్రం వెనక నుంచి నడవకూడదని చిన్నవాడికి బయలుదేరే ముందే పదిసార్లు చెప్పు.

టెక్సస్ రాష్ట్ర పార్కుల్లో, ఏడాది లోపు గుర్రానికి చేయించిన కాగిన్స్ అనే రక్తపరీక్షలో జబ్బు లేదని తేలిన కాగితం చూపించాలి. పశువైద్యుడి దగ్గరికి ఇప్పుడే వెళ్లు.

బండేరా దగ్గరి హిల్ కంట్రీ అందంగా ఉంటుందని నీకు మనసున్నట్టుంది. మొదటిసారి అంత దూరం వద్దు. ఫోర్ట్‌వర్త్‌కు పడమట లేక్ మినరల్ వెల్స్ పార్కులో గుర్రాలతో మకాం చేయనిస్తారు, మీకు దగ్గర. ఏదైనా తేడా వస్తే అదే రోజు ఇంటికి రావచ్చు. ఈ వారం వాళ్లకు ఫోను చేసి నేను రాసినవన్నీ అడుగు. వాళ్లేమన్నారో ఆదివారం నాకు చెప్పు. ఆ తరువాతే డబ్బు కట్టు.

మీ తాతయ్య