కంప్యూటర్ సాక్ష్యం – పరిశోధకుని ధర్మం

ఫ్రాన్సు దేశీయుడైన ఎడ్మండ్ లొకార్డ్ 1910లో లియాన్ నగరంలో పోలీసు శాఖ కోసం నేర పరిశోధన ప్రయోగశాలను నెలకొల్పాడు. రెండు వస్తువులు ఒకదానినొకటి తాకినప్పుడు రెండింటిపైనా ఏదో ఒక గుర్తు మిగిలిపోతుందని ఆయన బోధించాడు. ఆనాడు ఆ గుర్తు ధూళికణమో, వెంట్రుకో, వేలిముద్రో అయి ఉండేది. ఈనాడు అది కంప్యూటర్‌లో, సెల్‌ఫోన్‌లో కంటికి కనిపించని అంకెల రూపంలో దాగి ఉంటున్నది. ఆ గుర్తులను వెలికితీసి న్యాయస్థానం ముందు నిలిపే శాస్త్రమే కంప్యూటర్ ఫోరెన్సిక్స్.

ఈ శాస్త్రానికి గల శక్తిని తెలిపే ఉదంతం ఒకటి అమెరికాలో జరిగింది. కాన్సస్ రాష్ట్రంలోని విచిటా పరిసరాలలో 1974 నుంచి 1991 వరకు పదిమందిని బలిగొన్న హంతకుడు చాలాకాలం పోలీసులకు చిక్కలేదు. 2005 ఫిబ్రవరిలో అతడే ఒక టెలివిజన్ కేంద్రానికి ఫ్లాపీ డిస్కు పంపాడు. అందులో చెరిపివేసిన పత్రం ఒకటి ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. ఆ పత్రం వివరాలలో ఒక చర్చి పేరు, దానిని చివరిసారి మార్చిన వ్యక్తి పేరుగా ‘డెన్నిస్’ అనే మాట కనిపించాయి. ఆ చర్చి సంఘాధ్యక్షుడు డెన్నిస్ రేడర్. అయినా పోలీసులు ఆ ఒక్క ఆధారంతో తృప్తిపడలేదు. డి.ఎన్.ఎ. పరీక్షతో సరిచూసుకొన్న తరువాతనే అతనిని నిర్బంధించారు.

చెరిపిన పత్రం తిరిగి ఎలా దొరికింది? భూమి దస్త్రంలో రైతు పేరు కొట్టివేసినంత మాత్రాన పొలం మాయమైపోదు. మరొకరు దున్నేవరకు పాత పంట మోళ్లు అందులోనే ఉంటాయి. డిస్కులోనూ అంతే. పత్రాన్ని చెరిపినప్పుడు సాధారణంగా దాని చిరునామా మాత్రమే తొలగుతుంది. కొత్త సమాచారం వచ్చి ఆ చోటును ఆక్రమించే వరకు పాత అక్షరాలు నిలిచే ఉంటాయి. అయితే నేటి ఎస్.ఎస్.డి.లలో చెరిపిన భాగాన్ని యంత్రమే త్వరగా ఖాళీ చేయవచ్చు. అందుచేత ఇక్కడ ఆలస్యం అమృతం విషం.

శక్తి ఉన్నచోట ప్రమాదమూ ఉంటుంది. 2004లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, నార్విచ్ పట్టణంలోని ఒక పాఠశాలలో, తరగతి గదిలోని కంప్యూటర్ తెరపై అశ్లీల దృశ్యాలు వరుసగా ప్రత్యక్షమయ్యాయి. ఆ రోజు అక్కడ పాఠం చెబుతున్న తాత్కాలిక ఉపాధ్యాయినిపై నేరం మోపారు. ఆ కంప్యూటర్‌లో హానికరమైన ప్రోగ్రాములు ఉన్నాయేమోనని పోలీసు పరిశోధకుడు పరీక్షించలేదు. 2007 జనవరిలో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. ఆ తరువాత జరిగిన పరీక్షలలో సాక్ష్యంలోని లోపం బయటపడగా, అదే ఏడాది జూన్‌లో న్యాయమూర్తి ఆ తీర్పును రద్దు చేశారు. అయినా 2008లో ఆమె ఒక చిన్న నేరాన్ని అంగీకరించి, వంద డాలర్ల జరిమానా చెల్లించి, బోధనార్హతను కోల్పోయింది. తీర్పు చెరిగింది గాని బ్రతుకుపై పడిన మచ్చ చెరగలేదు.

అందుకే ఈ విద్యలో మొదటి పాఠం వెదకడం కాదు, కాపాడటం. పరిశోధకుడు అసలు డిస్కుపై పని చేయడు. దానిపై ఒక్క అక్షరమైనా చేరకుండా ఆపే రైట్ బ్లాకర్ అనే పరికరాన్ని అమర్చి, సంపూర్ణమైన నకలు తీస్తాడు. అసలుకు, నకలుకు ‘హ్యాష్’ విలువలు లెక్కిస్తాడు. సమాచారంలో ఒక్క అక్షరం మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. రెండు విలువలూ ఒకటైతే నకలు నమ్మదగినది. ఆ వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఎప్పుడు మారిందో కూడా వ్రాసి ఉంచుతాడు.

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతోపాటు ధ్రువపత్రం సమర్పించాలి. అందులో హ్యాష్ విలువనూ పేర్కొనాలి. హైదరాబాదులోని రామంతపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల ఉన్నది. గుజరాత్‌లో 2009లో ఏర్పడి, 2020లో జాతీయ సంస్థగా మారిన గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఈ రంగంలో స్నాతకోత్తర విద్యను అందిస్తున్నది. ఈ విద్యలో రాణించాలంటే కంప్యూటర్ పరిజ్ఞానం ఒక్కటే చాలదు. చట్టం తెలియాలి, కనుగొన్నదానిని సామాన్యులకు సైతం అర్థమయ్యేటట్లు నివేదికలో వ్రాయగలగాలి, న్యాయస్థానంలో ఎదురు ప్రశ్నలకు తొణకక సమాధానం చెప్పగలగాలి.

యంత్రం అబద్ధమాడదని లోకులు అంటారు. కాని యంత్రం తనంతట తాను ఏమీ చెప్పదు. దాని తరఫున మనిషి మాట్లాడతాడు. చూసినది చెప్పడం, చూడనిది చెప్పకపోవడం, నిందితునికి అనుకూలమైన ఆధారాన్ని సైతం దాచకపోవడం అతని ధర్మం. రేపు ఈ విద్యను అభ్యసించబోయే విద్యార్థులు తొలినాడే అలవరచుకోవలసిన గుణం ఇదే.

కఠిన పదాలు – అర్థాలు

ఉదంతం = జరిగిన సంగతి
దస్త్రం = కాగితాల కట్ట, లెక్కల పుస్తకం
మోళ్లు = పంట కోసిన తరువాత నేలలో మిగిలే మొదళ్లు
స్నాతకోత్తర విద్య = డిగ్రీ తరువాతి చదువు

ప్రశ్నలు

1. చెరిపిన పత్రం తిరిగి ఎందుకు దొరుకుతుందో వివరించండి.
2. విచిటా, నార్విచ్ ఉదంతాలలో పరిశోధన తీరులోని భేదాన్ని తెలపండి.
3. ‘యంత్రం తరఫున మనిషి మాట్లాడతాడు’ అనే వాక్యంలోని ఆంతర్యాన్ని చర్చించండి.