రెండు చున్నీలు పెట్టుకో చెల్లీ!

వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకుని మక్కా మసీదుకి వెళ్తున్నానన్నావు కదా, అప్పట్నుంచీ నీతో నాలుగు ముచ్చట్లు చెప్పాలని మనసు లాగుతోంది. చార్మినార్ ఎక్కి, లాడ్ బజార్లో గాజులు బేరమాడి, మిగిలిన పది నిమిషాలు మసీదుకి ఇద్దామనుకుంటే మాత్రం వద్దమ్మా. ముందు మసీదు, తర్వాతే గాజులు.

నేను మొదటిసారి వెళ్లింది శుక్రవారం మధ్యాహ్నం. జుమ్మా నమాజు వేళని కనుక్కోకుండా వెళ్లాను. వీధి పొడుగునా జనం. తల మీద కప్పుకోవడానికి చున్నీ కూడా లేదు. గేటు పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడితే, బురఖాలో ఉన్న ఒక పెద్దావిడ సంచిలోంచి ఉతికి మడతపెట్టిన చున్నీ తీసింది. నా తల మీద కప్పి, జారిపోకుండా చెవి పక్కన పిన్ను పెట్టి, "నమాజ్ అయ్యేదాకా నా దగ్గర కూచో బేటా" అంది. ఆవిడ పక్కన కూర్చున్న గంటసేపట్లో నాకు తెలిసొచ్చింది, అది మూడు వందల ఏళ్లకు పైగా నమాజు జరుగుతున్న చోటనీ, మనం వెళ్లేది చుట్టాల్లాగేననీ. ఎవరింటికైనా వెళ్లేముందు వాళ్లకి వీలైన వేళ కనుక్కుంటామే, ఇదీ అంతే.

ఐదు పూటల నమాజుల్లో తెల్లవారుజామున ఫజర్‌కీ, మధ్యాహ్నం జుహర్‌కీ మధ్య చాలా ఎడం ఉంటుంది. అందుకని ఉదయం తొమ్మిదికల్లా అక్కడ ఉండేలా బయల్దేరు. కారు వద్దు, అక్కడ పెట్టడానికి చోటు దొరకదు. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆటో ఎక్కు. చేతులు, కాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. పెద్ద బ్యాగులు వద్దు. చెప్పులు విప్పాక రాతి నేల ఎండకి కాలిపోతుంది, పిల్లలకి మేజోళ్లు మర్చిపోకు. ప్రార్థన హాల్లోకి రావద్దంటే చిన్నబుచ్చుకోకు. నేనూ బయట నిలబడే చూశాను. అక్కణ్ణుంచి చూసినా ఆ కమానుల ఎత్తుకి మెడ వెనక్కి వాలిపోతుంది.

మసీదు ఆవరణలో కూర్చోబెట్టి పిల్లలకి ఈ కథ చెప్పు. 1617 ప్రాంతంలో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా ఈ మసీదు పని మొదలుపెట్టించాడు. మక్కా నుంచి తెప్పించిన మట్టితో ఇటుకలు చేసి మధ్య కమానులో పెట్టారని, అందుకే ఆ పేరని చెబుతారు. ఫ్రాన్సు నుంచి వజ్రాల బేరానికి గోల్కొండ వచ్చిన టావెర్నియే ఇది ఇంకా కడుతుండగా చూశాడు. మిహ్రాబ్ అనే ప్రార్థన గూడు కోసం ఒక్క బండను కొండలోంచి తొలవడానికే అయిదేళ్లు పట్టిందనీ, దాన్ని లాక్కురావడానికి 1,400 ఎద్దులు కావలసివచ్చాయనీ రాసుకున్నాడు. పునాది వేయించిన రాజు పోయాడు, ఆ తర్వాతి వాళ్లూ పోయారు, 1687లో గోల్కొండే పడిపోయింది. చివరికి ఆ రాజ్యాన్ని గెలిచిన ఔరంగజేబే 1694లో పని పూర్తిచేయించాడు. రాజ్యాలు మారినా రాయి చెక్కే చేతులు ఆగలేదు చూడూ, నాకు ఆ ముక్క తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

దక్షిణం వైపు అసఫ్ జాహీ నిజాంల సమాధులున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అక్కడే ఉన్నాడు. ఇదే మసీదులో 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి ప్రాణాలు పోయాయి. పెద్దవాడికి అదీ చెప్పు. అర్థం చేసుకునే వయసే వాడిది.

చిన్నదానికి మాత్రం పావురాలు చాలు. గింజలు కొనిచ్చి, అరిచేయి చాపి కదలకుండా కూర్చోమను. పక్కన నీళ్ల హౌజు దగ్గర పెద్దలు వజూ చేసుకుంటుంటారు, మోచేతుల దాకా, చీలమండల దాకా నింపాదిగా కడుక్కుంటూ. ఆ సమయంలో ఫోను ఎత్తి ఫొటోలు తీయకు.

ఆ రోజు నమాజు అయ్యాక చున్నీ తిరిగి ఇవ్వబోతే ఆ పెద్దావిడ పుచ్చుకోలేదు. నా చేతిని రెండు చేతుల్తో మూసి వెళ్లిపోయింది. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది, ఎప్పుడు అటు వెళ్లినా వెంట తీసుకెళ్తాను. నువ్వూ రెండు పెట్టుకో చెల్లీ. ఒకటి నీకు. ఇంకొకటి, గేటు దగ్గర నాలా నిలబడ్డ ఆడపిల్ల ఎవరైనా ఉంటే ఆమెకి. పిన్ను కూడా మర్చిపోకు.