చిత్తు కాగితములలో పూచిన పువ్వులు



ఇంటిలో ఊడ్చి పారవేయు వస్తువులలో కాగితమంత చులకనైనది మరియొకటి లేదు. పెండ్లి జరిగిన తరువాత శుభలేఖకును, సంవత్సరము గడచిన తరువాత క్యాలెండరునకును, పప్పు డబ్బాలో పోసిన తరువాత పొట్లపు కాగితమునకును విలువ లేదు. వృద్ధాప్యమును గూర్చియు మనలో అనేకులకు ఇట్టి తలంపే కలదు. డెబ్బది యేండ్లు దాటిన విధవరాలు ఒక మూల కూర్చుండి దినములు లెక్కించుకొనవలసినదే యని మన ఊళ్లలో అనుకొనుట వినుచున్నాము. ఈ రెండు తలంపులును సరికావని తన చేతిపనివలన చూపిన ఒక స్త్రీని గూర్చి ఈ మాసము నేర్చుకొందము.

ఆమె పేరు మేరీ డెలానీ. 1700వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో జన్మించెను. పదునేడేండ్ల ప్రాయమున, ఆమెకు ఇష్టము లేకున్నను, అరువది యేండ్లకు సమీపించిన ఒకనికిచ్చి పెండ్లి చేసిరి. కొన్ని యేండ్లకే ఆయన మరణించెను. 1743లో ఐర్లండు దేశపు దైవసేవకుడైన పాట్రిక్ డెలానీని ఆమె వివాహమాడెను. ఇరువదియైదేండ్లు సమాధానముగా కాపురము చేసిన పిమ్మట, 1768లో ఆయనయు గతించెను. ఆమెకు బిడ్డలు లేరు. అప్పటికి ఆమె వయస్సు సుమారు 68.

దుఃఖములోనున్న ఆమెను పోర్ట్లండు డచెస్సు అను స్నేహితురాలు ఆదరించి, బుల్‌స్ట్రోడ్ అను తన గృహమునకు పిలుచుచుండెను. 1772లో ఒకనాడు అచ్చట మేరీ ఒక ఎఱ్ఱని కాగితపు ముక్కను చూచెను. దాని రంగు బల్లమీదనున్న జెరేనియం పువ్వు రంగువలెనే యుండెను. ఆమె కత్తెర తీసికొని రేకులు కత్తిరించి అతికించెను. లోనికి వచ్చిన డచెస్సు అవి నిజమైన రేకులే యనుకొనెనని చెప్పుదురు. అప్పుడు మేరీ వయస్సు 72. అది మొదలుకొని పదేండ్లలో ఆమె వెయ్యికి కొద్ది తక్కువగా పువ్వుల చిత్రములు చేసెను. కాగితపు ముక్కలను అతికించి బొమ్మ చేయు ఇట్టి పనిని నేడు కొలాజ్ అందురు.

ఆమె పనియందు మనము గమనింపవలసిన సంగతులు మూడు.

మొదటిది, ఆమె చూచిన విధము. పువ్వును ఎదుట పెట్టుకొని రేకులను, కేసరములను, ఆకులను ఎంచి, ఎన్ని యున్నవో అన్నియే కత్తిరించెడిది. కృష్ణకమలము జాతికి చెందిన ఒక పువ్వునకు సుమారు 230 కాగితపు రేకులు అతికించెను. వృక్షశాస్త్రమందు పేరుగాంచిన జోసెఫ్ బ్యాంక్స్, ఈ చిత్రములను చూచి మొక్కను తప్పులేకుండ వర్ణింపవచ్చునని మెచ్చుకొనెను. మనము దినమెల్ల తంగేడు చెట్టు ప్రక్కగా నడచిపోవుచున్నాము గాని, దాని పువ్వునకు రేకులు ఎన్నియని అడిగిన, ఎందరము వెంటనే ఐదని చెప్పగలము?

రెండవది, ఆమె వాడిన వస్తువులు. నలుపు వేసిన కాగితము అడుగున నుంచి, దానిమీద సన్నని రంగు కాగితపు ముక్కలను ఒకదానిపై నొకటి అతికించెను. వెలుగు పడుచోట లేతరంగు, నీడ యున్నచోట ముదురురంగు. కొన్నిచోట్ల ఎండిన నిజమైన ఆకునే చేర్చెను. పనికిరాని ముక్క యనునది ఆమె బల్లమీద లేదు. ఐదువేలమందికి ఆహారము పెట్టిన పిమ్మట మిగిలిన ముక్కలను పోగుచేయించిన ప్రభువు కథ మనకు జ్ఞాపకము వచ్చుచున్నది.

మూడవది, ఆమె ఆపిన విధము. వెయ్యి చిత్రములు పూర్తిచేయవలెనని ఆమె కోరిక. 1782లో చూపు మందగించినందున కత్తెర క్రింద పెట్టవలసి వచ్చెను. లెక్క నిండలేదు, అయినను చేసినది వ్యర్థము కాలేదు. 1788లో ఆమె మరణించెను. 1897లో ఆ చిత్రములు లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి.

ఇక మన ఇండ్లలో ఈ పని చేయు విధము చెప్పుదము. పాత శుభలేఖలు, క్యాలెండరు కాగితములు, సబ్బు పైకాగితములు, చాక్లెట్ల మెఱుగు కాగితములు ఒక అట్టపెట్టెలో దాచుడి. రాలిన ఆకులను వార్తాపత్రికల మధ్యనుంచి బరువు పెట్టిన యెడల ఒక వారములో చదునుగా ఎండును. జిగురు కొనవలసిన పనిలేదు. రెండు చెంచాల మైదాపిండిని ఒక గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగమీద చిక్కబడువరకు ఉడికించిన చాలును. చల్లారిన తరువాత పలుచగా పూయుడి. దట్టముగా పూసిన కాగితము ముడుతలు పడును. మొదట పెద్ద ముక్కలు, వాటిమీద చిన్నవి అతికించి, పైన బరువు పెట్టి ఆరనిండు.

పిల్లలకు ఉన్నది ఉన్నట్లు చేయుటకంటె ఊహించి చేయుటయందు ఎక్కువ సంతోషము. వారిని అడ్డగింపకుడి. రావియాకు చేప కావచ్చును. దాని పొడుగాటి కొనయే తోక. చింతాకులు వరుసగా అతికించిన పక్షి రెక్క యగును. బస్సు టిక్కెట్లు చీమల ఇండ్లు కావచ్చును. అయితే నవ్వు పుట్టించు బొమ్మ చేయువారును మొదట ఆకును చేతబట్టి, దాని ఈనెలను, అంచులను చూడవలెను. చూడక చేసినదానిలో జీవముండదు.

ఒక మాట చెప్పి ముగించెదము. ఈ పనికి పిల్లవానిని ఒంటరిగా కూర్చుండబెట్టక, ఒక ముసలమ్మను ప్రక్కన కూర్చుండబెట్టుడి. ఆమె కండ్లకు సన్నని అంచు కనబడకపోవచ్చును గాని, గట్టుమీది మొక్కల పేర్లు ఆమెకు తెలియును; ఏది ఏ నెలలో పూయునో, ఏది దేనికి మందో తెలియును. పిల్లవానికి చూపున్నది గాని పేర్లు తెలియవు. మేరీ డెలానీ తన చిత్రముల వెనుక మొక్క పేరును, చేసిన తేదీని, స్థలమును వ్రాసియుంచెను. మీరును అట్లే చేయుడి. ముసలమ్మ చెప్పగా పిల్లవాడు వ్రాయును గాక. బొమ్మ చెడిపోయినను, ఆమెతో కూడ పోవలసిన ఒక పేరు మన ఊరిలో నిలిచియుండును.